యాప్ రూపు మారినప్పుడు దారి తప్పేదెవరు? బీజాపూర్ నుంచి ఒక పరిశీలన

చేతిలోని ఫోన్‌లో సినిమాను, క్రికెట్‌ను, పాటను, వార్తను అందించే స్ట్రీమింగ్ యాప్‌లు ఇటీవలి కాలంలో ఒకదాని తర్వాత ఒకటిగా రూపు మార్చుకున్నాయి. 2024 మే నెలలో సోనోస్, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్, అదే ఏడాది మే నెలలో నెట్‌ఫ్లిక్స్ కొత్త రూపంతో ప్రజల ముందుకు వచ్చాయి. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ వినియోగదారుల స్పందన రెండుగా చీలుతోంది. కొత్త తెర కంటికి ఇంపుగా ఉందని, వెతుకులాట తగ్గిందని కొందరు మెచ్చుకుంటున్నారు. నిన్నటిదాకా ఒక చోట ఉన్నది నేడు అక్కడ కనిపించడం లేదని, పాతదే మేలని మరికొందరు అసంతృప్తి తెలుపుతున్నారు.

ఈ అసంతృప్తిని సంస్థలు సాధారణంగా తేలికగానే తీసుకుంటాయి. మనిషికి మార్పు అంటే మొదట ఇష్టం ఉండదని, నాలుగు వారాలు గడిస్తే అంతా సర్దుకుంటుందని వాటి లెక్క. పెద్ద నగరాల్లో ఈ లెక్క చాలావరకు నిజమే కావచ్చు. అయితే అదే లెక్క ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న బీజాపూర్ జిల్లాకు వర్తిస్తుందా? అక్కడి వినియోగదారుడి వైపు నుంచి చూస్తే యాప్ రూపు మార్పు అనేది అందచందాల చర్చగా మిగలదు. సమాచారం ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అనే ప్రశ్నగా మారుతుంది. ఈ విశ్లేషణ ఆ ప్రశ్న గురించే.

రెండు రకాల ఫిర్యాదులు

వినియోగదారుల ఫిర్యాదులన్నీ ఒక్క తీరువి కావు. వాటిని రెండుగా విడదీసి చూడాలి. మొదటిది అలవాటు తప్పడం వల్ల వచ్చే చికాకు. రెండవది ఇంతకుముందు చేయగలిగిన పనిని ఇప్పుడు చేయలేకపోవడం. మొదటిది కాలక్రమంలో తగ్గుతుంది. రెండవది ఎంతకాలం గడిచినా తగ్గదు.

నెట్‌ఫ్లిక్స్ ఉదాహరణ ఎక్కువగా మొదటి కోవకు చెందుతుంది. టీవీ తెరపై కనిపించే తన ముఖపేజీని దశాబ్దానికి పైగా కాలం తర్వాత సమూలంగా మారుస్తున్నట్లు ఆ సంస్థ 2025 మే 7న ప్రకటించింది. అంతవరకు ఎడమ పక్కన దాగి ఉండే మెనూ తెర పైభాగానికి చేరింది. బొమ్మల గడులు పెద్దవయ్యాయి. ప్రేక్షకుడు ఆ క్షణంలో ఏం వెతుకుతున్నాడో గమనించి, సిఫార్సులను అప్పటికప్పుడే మార్చే ఏర్పాటు చేశారు. ఏం చూడాలో తేల్చుకోవడం సులభమైందని కొందరు ప్రేక్షకులు అన్నారు. గడులు పెద్దవి కావడంతో ఒక్క చూపులో కనిపించే సినిమాల సంఖ్య తగ్గిపోయిందని మరికొందరు విమర్శించారు. అయినా సినిమాలు ఎక్కడికీ పోలేదు. వాటిని చేరే దారి మాత్రమే మారింది.

సోనోస్ అనుభవం వేరు. ఇంట్లోని స్పీకర్లకు సంగీతాన్ని, రేడియోను అందించే ఈ అమెరికా సంస్థ 2024 మే 7న తన యాప్‌ను కొత్తగా నిర్మించి విడుదల చేసింది. అలారం పెట్టుకోవడం, నిద్రవేళకు పాట ఆగేలా సమయం నిర్ణయించుకోవడం, సొంతంగా దాచుకున్న పాటల్లో వెతకడం వంటి సౌకర్యాలు తొలిరోజు కొత్త యాప్‌లో లేవు. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాధనాలతో ఫోన్ వాడే అంధులకు కొత్త యాప్‌ను నడపడం కష్టమైంది. దీన్ని అలవాటు సమస్యగా కొట్టిపారేయడం కుదరలేదు. జూలైలో సంస్థ అధిపతి పాట్రిక్ స్పెన్స్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. లోపాలను సరిదిద్దేందుకు రెండు నుంచి మూడు కోట్ల డాలర్లు ఖర్చవుతాయని ఆగస్టులో సంస్థ అంచనా వేసింది. 2025 జనవరిలో ఆయన పదవి నుంచి వైదొలిగారు.

ప్రజా ప్రసార సంస్థలకు కూడా ఈ అనుభవం కొత్త కాదు. బ్రిటన్‌లో బీబీసీ 2018లో సౌండ్స్ అనే కొత్త యాప్‌ను తెచ్చి, 2019 సెప్టెంబరులో పాత ఐప్లేయర్ రేడియో యాప్‌ను మూసివేసింది. పాడ్‌కాస్ట్‌లు, సంగీతం, ప్రత్యక్ష ప్రసారం ఒకే చోట దొరకడం యువ శ్రోతలను ఆకట్టుకుంది. పాత యాప్‌కు అలవాటుపడిన శ్రోతలు మాత్రం నిరసన తెలిపారు. వారిలో పాత ఫోన్‌లో కొత్త యాప్ పనిచేయక ఇబ్బందిపడిన వారూ ఉన్నారు. అయితే అక్కడ కొంతకాలం రెండు యాప్‌లూ పక్కపక్కనే పనిచేశాయి. శ్రోతలకు కుదురుకునే వ్యవధి దొరికింది. ఈ అంశాన్ని గుర్తుంచుకోవాలి.

జియోహాట్‌స్టార్: రూపుతోపాటు మారిన షరతులు

మన దేశంలో అత్యధికులను తాకిన మార్పు 2025 ఫిబ్రవరి 14న జరిగింది. జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ రెండూ కలిసి ఆ రోజున జియోహాట్‌స్టార్‌గా మారాయి. ఉమ్మడి వేదికకు 50 కోట్లకు పైగా వినియోగదారులు ఉన్నారని సంస్థ అప్పట్లో ప్రకటించింది. రెండు యాప్‌ల బదులు ఒకటే చాలునన్న సౌలభ్యం చాలామందికి నచ్చింది. పేరు, గుర్తు, అమరిక ఒకేసారి మారడం ఇంకొందరిని తికమకపెట్టింది.

ఈ మార్పులో మరో కోణం ఉంది. ఐపీఎల్ క్రికెట్ పోటీలను 2023, 2024 సంవత్సరాల్లో జియోసినిమా ఉచితంగా చూపింది. 2025 నుంచి కొద్ది నిమిషాల తర్వాత చందా కట్టక తప్పని విధానం వచ్చింది. ఫోన్‌లో మాత్రమే చూసే పథకానికి, ప్రకటనలతో సహా, మూడు నెలలకు 149 రూపాయలు ధర నిర్ణయించారు. కొన్ని రీఛార్జి పథకాలతో కలిపి దీన్ని ఉచితంగానూ ఇచ్చారు. కాబట్టి కొత్త యాప్ మీద వచ్చిన అసంతృప్తి అంతా రూపు మీదే వచ్చిందని చెప్పలేం. తెర మార్పు, ధర మార్పు ఒకేసారి వచ్చినప్పుడు వినియోగదారుడు ఆ రెండింటినీ వేరు చేసి చూడడు. నిన్న తెరుచుకున్న తలుపు నేడు తెరుచుకోలేదన్నదే అతనికి తెలిసేది. అది తనకు దారి తెలియక తెరుచుకోలేదా, డబ్బు కట్టనందుకు తెరుచుకోలేదా అన్నది తెరపై ఉన్న రాతను చదవగలిగితేనే తెలుస్తుంది.

బీజాపూర్‌లో తెర ముందు ఎవరున్నారు

ఇక్కడ చెబుతున్నది కర్ణాటకలోని ఒకనాటి బీజాపూర్, నేటి విజయపుర గురించి కాదు. బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ 2007లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయింది. బీజాపూర్, భైరంగఢ్, భోపాల్‌పట్నం, ఉసూర్ దీని వికాస ఖండాలు. హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి గోదావరి దాటి భోపాల్‌పట్నం చేరుతుంది. ఆ చేరువలోనే, భద్రకాళి వద్ద, ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. నదికి ఇవతలా అవతలా బంధుత్వాలున్నాయి. మిరప కోతల కాలంలో ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలకు ఇక్కడి కూలీలు వలస వెళ్లి వస్తుంటారు. గోండీ, దోర్లీ, హల్బీలతోపాటు తెలుగు కూడా ఇక్కడి మాట. ముఖ్యంగా భోపాల్‌పట్నం, ఉసూర్ ప్రాంతాల్లో తెలుగు పాట, తెలుగు సినిమా పరాయివి కావు.

2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనాభా 2,55,230. అక్షరాస్యత 40.86 శాతం. దేశంలో అత్యల్ప అక్షరాస్యత ఉన్న జిల్లాల్లో ఇది ఒకటి. ఆ లెక్కలు వచ్చి చాలా ఏళ్లయింది, బడులు పెరిగాయి, పరిస్థితి కొంత మారింది. అయినా నాటి పెద్దలే నేటి పెద్దలు. వారి చేతికి నేడు ఫోన్ వచ్చింది.

ఫోన్ చేరిన వేగం చిన్నది కాదు. 2018లో రాష్ట్ర ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన కింద మహిళలకు, విద్యార్థులకు స్మార్ట్‌ఫోన్లు పంచింది. అదే ఏడాది ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లాలోని జాంగ్లాలో దేశపు తొలి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించిన ప్రధానమంత్రి, బస్తర్‌లోని ఏడు జిల్లాలకు ఫైబర్ కేబుల్ అందించే బస్తర్ నెట్ తొలిదశను కూడా ప్రారంభించారు. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. దేశంలో 4జీ అందని 24,680 గ్రామాలకు ఆ సేవలు చేర్చే పథకానికి అదే సంవత్సరం జూలైలో 26,316 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి.

అయినా అన్ని చోట్లా ఒకే వేగం లేదు. జిల్లాలోని చిల్కపల్లి గ్రామానికి 2025 జనవరిలో తొలిసారిగా విద్యుత్తు వచ్చిందన్న వార్తను శ్రోతలు గుర్తుచేసుకోవచ్చు. ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టుకోవడమే నిన్నమొన్నటి వరకు ఒక ప్రయాణంగా ఉన్న చోటు అది. ఇలాంటి చోట డేటా కూడా పొదుపుగా వాడే వస్తువే. పెద్ద బొమ్మలు, తాకకుండానే ఆడటం మొదలుపెట్టే ముందస్తు దృశ్యాలు ఉన్న కొత్త తెర ఎక్కువ డేటాను తీసుకుంటుంది. బలహీనమైన సిగ్నల్‌లో నెమ్మదిగా తెరుచుకుంటుంది. నగరంలో ఇంపుగా కనిపించిన అంశమే ఇక్కడ భారమవుతుంది.

తెలుగు చెవి, హిందీ కన్ను

భాష విషయంలో బీజాపూర్ ఒక ప్రత్యేకమైన చిక్కును మన ముందుంచుతోంది. యాప్‌ల తయారీదారులు వినియోగదారుడికి ఒక భాష ఉంటుందని, ఆ భాషకు ఒక లిపి ఉంటుందని అనుకుంటారు. తెలుగు ఎంచుకుంటే మెనూ తెలుగు లిపిలో వస్తుంది. హిందీ ఎంచుకుంటే దేవనాగరిలో వస్తుంది. కానీ భోపాల్‌పట్నంలో ఇంట తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో చదివేది హిందీ మాధ్యమంలో. అతని చెవి తెలుగును ఇష్టపడుతుంది, కన్ను దేవనాగరిని మాత్రమే చదువుతుంది. అతనికి తెలుగు పాటలు కావాలి, వాటి పేర్లు మాత్రం నాగరి లిపిలో కనిపించాలి. ఈ రెండింటినీ కలిపి ఇచ్చే అమరిక యాప్‌లలో మామూలుగా కనిపించదు.

గోండీ పరిస్థితి ఇంకా కష్టం. 2011 లెక్కల్లో దేశవ్యాప్తంగా 29 లక్షలకు పైగా ప్రజలు గోండీని మాతృభాషగా చెప్పారు. అయినా అది రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూల్‌లో లేదు. పెద్ద స్ట్రీమింగ్ సంస్థల భాషల జాబితాల్లో దానికి చోటు దొరకడం అరుదు. దోర్లీ మాట్లాడేవారి సంగతి చెప్పనక్కరలేదు. తన భాష జాబితాలో లేని వ్యక్తికి ఏ భాషలోని మెనూ అయినా పరాయి మెనూయే.

చదవని చోట గుర్తే అక్షరం

మొదట చెప్పుకొన్న రెండు రకాల ఫిర్యాదుల వద్దకు ఇప్పుడు తిరిగి వద్దాం. అలవాటు తప్పడం ఒకటి, సామర్థ్యం పోవడం మరొకటి అనుకున్నాం. చదవగలిగిన వారి విషయంలో ఈ విభజన సరిగ్గా పనిచేస్తుంది. బటన్ పైనుంచి కిందికి జరిగితే వారు దాని మీద ఉన్న మాట చదువుకొని వెతుక్కుంటారు. రెండు రోజులు విసుక్కుంటారు, మూడో రోజుకు సర్దుకుంటారు.

చదవడం రాని వ్యక్తి యాప్‌ను ఎలా వాడతాడో ఊహించి చూద్దాం. అతను మాటలను కాదు, స్థానాలను గుర్తుపెట్టుకుంటాడు. కింది వరుసలో ఎడమ నుంచి మూడో గుర్తు నొక్కాలి, తర్వాత ఎర్రరంగు బొమ్మ, ఆపై పెద్ద త్రికోణం. ఇంటి కుర్రాడో, పొరుగు అమ్మాయో ఒకసారి చూపించిన వరుస అది. ఆ వరుసే అతనికి వచ్చిన చదువు. యాప్ ఒక రాత్రి తనంతట తాను మారిపోతే, మరునాటి ఉదయం ఆ చదువు మొత్తం చెల్లకుండా పోతుంది. మూడో గుర్తు స్థానంలో మరొకటి ఉంటుంది. ఎర్రరంగు బొమ్మ నీలంగా మారుతుంది. అక్కడ రాసి ఉన్నది అతనికి సాయం చేయదు. నేర్పిన కుర్రాడు అప్పటికి మిరప తోటకు వలస వెళ్లి ఉండవచ్చు.

కాబట్టి బీజాపూర్ వంటి చోట మొదటి రకం ఫిర్యాదు, రెండో రకం ఫిర్యాదు ఒకటే అయిపోతాయి. నగరవాసికి అలవాటు పోవడం చికాకు. చదవడం రాని వినియోగదారుడికి అలవాటు పోవడమే సామర్థ్యం పోవడం. నాలుగు వారాల్లో సర్దుకుంటారన్న సంస్థల లెక్క తప్పేది ఇక్కడే. కొందరు సర్దుకోరు. వారు ఆ యాప్‌ను తెరవడం మానేస్తారు.

ఈ నష్టం సంస్థల గణాంకాల్లో కనిపించకపోవడానికి కారణం ఉంది. కొత్త రూపును ముందుగా కొంతమంది వినియోగదారులకు చూపి, సగటున వారు ఎంతసేపు చూశారో, ఎన్నిసార్లు నొక్కారో కొలవడం ఈ రంగంలో పద్ధతి. సగటు పెరిగితే మార్పు విజయవంతమైనట్లే. సగటు మెజారిటీ మాట చెబుతుంది. తక్కువసేపు, తక్కువ డేటాతో, అరువు ఫోన్‌లో వాడే వారు దూరమైనా సగటు కదలదు. యాప్‌కు సమీక్ష రాయడానికీ, సంస్థకు ఫిర్యాదు చేయడానికీ కూడా అక్షరం కావాలి. అందువల్ల మిశ్రమ స్పందన అని మనం అనుకుంటున్నది నిజానికి చదవగలిగిన వారి స్పందన మాత్రమే. నిశ్శబ్దంగా వెళ్లిపోయిన వారి అభిప్రాయం అందులో లేదు.

బస్తర్‌లోనే ఉన్న ఒక పాఠం

దీనికి పరిష్కారం దూరాన వెతకనక్కరలేదు. ఇదే ప్రాంతంలో 2010 ఫిబ్రవరిలో సీజీనెట్ స్వర మొదలైంది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి చొరవతో, మైక్రోసాఫ్ట్ పరిశోధకుల సాంకేతిక సాయంతో నడిచిన ఈ వేదికకు తెర లేదు, మెనూ లేదు. ఏ మామూలు ఫోన్ నుంచైనా మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చేది. తన మాట రికార్డు చేయాలంటే ఒకటి నొక్కేవారు, ఇతరుల మాట వినాలంటే రెండు నొక్కేవారు. ఊరి చేతిపంపు పాడైన సంగతి, ఉపాధి కూలీ రాని సంగతి, పాట, కథ, అన్నీ గోండీలోనూ హిందీలోనూ అలా నమోదయ్యాయి. నెట్‌వర్క్ లేని చోట ఆ రికార్డులను బ్లూటూత్ ద్వారా ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు అందించే ప్రయత్నం బుల్టూ రేడియో. గోండీ రాతను చదివి వినిపించే ఆదివాసీ రేడియో యాప్ ఆ తర్వాత వచ్చింది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. తెర మీద ఇరవై శీర్షికలను ఒక్క చూపులో చూడవచ్చు. ఫోన్ కాల్‌లో ఒకదాని తర్వాత ఒకటి వినాల్సిందే. తిరిగి చేసే కాల్ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. అందుకే స్వర మార్గం యాప్‌కు బదులు కాదు, దానికి తోడు. అది చెప్పే పాఠం సరళమైనది. వినియోగదారుడి దగ్గర ఏమి ఉందో దాని నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడి వారికి మాట ఉంది, చెవి ఉంది, అంకెల గుర్తింపు ఉంది. ఆ మూడింటి మీద కట్టిన మార్గం అక్షరం లేకున్నా నిలుస్తుంది.

సంస్థల వాదనలో నిజమెంత

రూపు మార్పును పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. పాత సాఫ్ట్‌వేర్‌ను ఎల్లకాలం నడపడం ఖరీదైన పని. భద్రతా లోపాలను సవరించాలంటే కొన్నిసార్లు పునాది మార్చక తప్పదు. ఒకే సంస్థకు చెందిన రెండు యాప్‌లను కలిపితే తక్కువ నిల్వ ఉన్న ఫోన్‌లో చోటు మిగులుతుంది. ఇది పేద వినియోగదారుడికే ఎక్కువ మేలు. మొదటిసారి ఫోన్ పట్టినవారికి గజిబిజి మెనూల కన్నా పెద్ద బొమ్మలే సులువు కావచ్చు. మాట చెబితే వెతికిపెట్టే సౌకర్యం చదవడం రాని వారికి నిజమైన వరం, అది వారి భాషను, వారి ఉచ్చారణను గుర్తించగలిగితే.

కాబట్టి మార్చాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మార్చే తీరు గురించి, మార్పు భారం ఎవరి మీద పడుతుందన్న దాని గురించి మాట్లాడుకోవాలి. ప్రైవేటు సంస్థ తన వినియోగదారుడిని పోగొట్టుకుంటే అది దాని వ్యాపార నష్టం. ప్రజాధనంతో నడిచే సేవ విషయంలో అలా అనుకొని ఊరుకోలేం.

ప్రజా ప్రసారానికి ఉన్న అదనపు బాధ్యత

ప్రసార భారతి తన స్ట్రీమింగ్ వేదిక వేవ్స్‌ను 2024 నవంబరు 20న గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవ ప్రారంభ సభలో ఆవిష్కరించింది. తెలుగుతో సహా 12 భాషల కార్యక్రమాలు, 65 ప్రత్యక్ష టీవీ ఛానళ్లు, రేడియో, ఆటలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. ఆకాశవాణి కేంద్రాలను వినిపించే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ అంతకుముందు నుంచే ఉంది. దూరప్రాంత శ్రోత కూడా కొత్తగూడెం, వరంగల్, జగదల్‌పూర్ కేంద్రాల మాట వినే అవకాశం ఇటువంటి సేవల వల్ల కలుగుతోంది. ఇది నిస్సందేహంగా మేలు. అయితే అన్నీ ఒకే చోట ఉన్న వేదికలో రేడియో అనేక గడుల్లో ఒక గడి మాత్రమే. దాన్ని ఎక్కడ ఉంచుతారు, ఎన్ని మెట్ల లోపల ఉంచుతారు అన్నది విధాన నిర్ణయంతో సమానమైన విషయం.

రేడియో పెట్టెను ఒకసారి గుర్తుచేసుకుందాం. దానికి రెండు మీటలు, ఒక ముల్లు. ముల్లు ఏ గీత దగ్గర ఆగితే ఏ కేంద్రం పలుకుతుందో ఏళ్ల తరబడి మారలేదు. చీకట్లో తడిమి కూడా తిప్పుకోగలిగేవారు. చదవడం రానివారు, చూపు లేనివారు ఎవరి సాయమూ లేకుండా వార్తలు విన్నారు. రేడియో ఇంతమందికి చేరడానికి దాని మాట ఎంత కారణమో, మారని దాని మీటలు కూడా అంతే కారణం. దూరదర్శన్ భూతల అనలాగ్ ప్రసారాలు 2022 మార్చి నాటికి దాదాపుగా ముగిశాయి. ప్రసారం యాప్‌ల వైపు జరిగే కొద్దీ మీటల స్థానంలోకి తెర వస్తోంది. మీటకు ఉన్న స్థిరత్వం తెరకు లేకపోతే శ్రోత నష్టపోతాడు.

ప్రభుత్వ ప్రణాళికల్లో ఈ స్పృహ లేకపోలేదు. 2023 జనవరిలో ఆమోదం పొందిన 2,539.61 కోట్ల రూపాయల ప్రసార మౌలిక వసతుల పథకం, ఆకాశవాణి ఎఫ్ఎం ప్రసారాలను దేశంలో 66 శాతం విస్తీర్ణానికి, 80 శాతం జనాభాకు చేర్చాలని లక్ష్యంగా పెట్టుకుంది. మారుమూల, గిరిజన, సరిహద్దు, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల వారికి 8 లక్షల డీడీ ఫ్రీ డిష్ సెట్ టాప్ బాక్సులు ఇవ్వాలని కూడా అందులో ఉంది. ఇంటర్నెట్ మీద ఆధారపడని మార్గాలను బలపరచడం యాప్‌ను మెరుగుపరచడమంత ముఖ్యం. యాప్ ఒక్కటే తలుపు కాకూడదు.

న్యాయస్థానాల దృష్టి కూడా ఇటు మళ్లింది. ఆన్‌లైన్ గుర్తింపు ప్రక్రియలో దృష్టిలోపం ఉన్నవారు, యాసిడ్ దాడి బాధితులు ఎదుర్కొంటున్న ఇబ్బందులపై 2025 ఏప్రిల్ 30న తీర్పునిస్తూ, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గ్రామీణులు, వృద్ధులు, ఆర్థికంగా వెనుకబడినవారు, భాషాపరమైన అల్పసంఖ్యాకులు వెనుకబడిపోకుండా చూడాలన్న ఆ తీర్పు స్ఫూర్తి స్ట్రీమింగ్ రంగానికీ దారి చూపగలదు.

చేయదగిన పనులు

ఇందుకు పెద్ద సాంకేతిక విప్లవం అక్కరలేదు. నాలుగైదు జాగ్రత్తలు చాలు. మొదటిది, పాత రూపును ఒక్క రాత్రిలో తీసివేయకుండా కొంతకాలం కొత్తదానితోపాటు అందుబాటులో ఉంచడం. బ్రిటన్ అనుభవం దీని విలువ చెబుతోంది. రెండవది, ఎన్ని మార్పులు చేసినా ప్రత్యక్ష రేడియో, తాజా వార్తలు వంటి రెండు మూడు ముఖ్యమైన బటన్ల స్థానాన్ని, రంగును, గుర్తును మార్చకుండా కాపాడటం. మూడవది, బొమ్మలు తక్కువగా ఉండి, తనంతట తాను వీడియో ఆడించని తేలికపాటి రూపాన్ని పాత ఫోన్ల కోసం ఉంచడం. నాలుగవది, వినే భాషను, మెనూ లిపిని వేర్వేరుగా ఎంచుకునే వీలు కల్పించడం. దీనితోపాటు గుర్తు మీద వేలు పెడితే దాని పేరును గోండీ, హల్బీ, తెలుగు వంటి స్థానిక భాషల్లో పలికే ఏర్పాటు చేయడం. ఐదవది, యాప్ మారబోతోందన్న సంగతిని యాప్‌లోనే కాక రేడియోలో ముందుగా చెప్పడం. కొత్త తెరలో ఏ గుర్తు ఎక్కడికి వెళ్లిందో మాటల్లో వివరించే ఐదు నిమిషాల ప్రసారాన్ని కొన్ని వారాలపాటు వినిపిస్తే చాలామందికి దారి దొరుకుతుంది.

వీటన్నిటికన్నా ముందు చేయవలసింది మరొకటి ఉంది. కొత్త రూపును పరీక్షించే వారిలో బీజాపూర్ వంటి జిల్లాల వారికి చోటు ఉండాలి. భోపాల్‌పట్నం సంతకు వచ్చే పది మందికి కొత్త తెరను చేతికిచ్చి, ఎవరూ సాయం చేయకుండా, ఉదయపు వార్తలు వినిపించమని అడగవచ్చు. అందులో ఎంతమంది వినగలిగారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది ఒక్క పూటలో తేలిపోతుంది. లక్షలమంది సగటు చెప్పలేని సంగతిని ఆ పది మంది చెబుతారు. ఆ పరీక్షలో నిలిచిన యాప్ నగరంలోనూ నిలుస్తుంది. అక్కడ తడబడితే, విడుదలకు ముందే దాన్ని సరిదిద్దుకునే అవకాశం సంస్థకు మిగులుతుంది.